రెండక్షరాల చీర

"పెట్టడానికా అమ్మా, కట్టుకోడానికా?"

చీరాల బట్టల బజారులో ఏ కొట్టు మెట్లెక్కినా ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే. పెట్టడానికే అంటే కింది అరల్లోంచి పెట్టుబడి చీరలు దించుతారు. పెళ్లికో గృహప్రవేశానికో డజన్ల లెక్కన కొనేవి, పుచ్చుకున్నవాళ్లు మడత విప్పకుండా ఇంకో పేరంటంలో ఇంకొకరికి పెట్టేవి. కొన్నయితే అలా జిల్లాలు తిరిగి, కట్టేవాళ్లు లేకుండానే పాతబడిపోతాయి. కట్టుకోడానికే అంటే మాత్రం కొట్టాయన స్వరం మారుతుంది. కుర్రాణ్ణి పైకి తరుముతాడు. కుప్పడం పట్టు కిందికి దిగుతుంది. ఒళ్లు ఒక రంగు, అంచు ఇంకో రంగు. రెంటినీ వేరువేరు నాడెలతో నేస్తూ, కలిసేచోట పోగును పోగులో పెనవేస్తారు. అక్కడ వేలు పెట్టి నిమిరితే అతుకు తగలకూడదు. జాండ్రపేట, వేటపాలెం, ఈపూరుపాలెం నేతగాళ్ల పనితనమంతా ఆ ఒక్క గీత దగ్గరే తెలిసిపోతుంది.

కొట్టు బోర్డు మీద 'శారీస్', కొట్టాయన నోట 'చీర', ఊరి పేరు చీరాల. ఈ మూడూ ఒకే మాట వేసిన మూడు వేషాలని మనలో చాలామంది నమ్మకం. మన చీరను ఉత్తరాదివాళ్లు నోరు తిరక్క శారీ చేశారనీ, ఇంగ్లీషువాళ్లు దాన్నే పట్టుకుపోయారనీ చెప్పుకుంటాం. అది నిజం కాదు. శారీ పుట్టిల్లు సంస్కృతంలోని శాటి, శాటిక. మన కావ్యాల్లోనూ కనిపించే శాటే అది. ప్రాకృతంలో సాడీగా అరిగి, హిందీలోకి వచ్చి, ఇంగ్లీషువాడి నోట పడి, తిరిగి మన బోర్డుల మీదికి ఎక్కింది. చీరది వేరే వంశం. ఊరి పేరు సంగతి మరీ చిక్కుది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

సంస్కృతంలో చీరమంటే కట్టుబట్ట అన్న అర్థం తర్వాతది. ముందు అది చీలిక. చెట్టు బెరడు నుంచి ఒలిచిన పొడుగాటి పట్టీ, చిరిగిన గుడ్డపేలిక, వాటితో చేసుకున్న ముతక కట్టు. మునులు కట్టేది అదే. వాల్మీకి అయోధ్యాకాండలో ఈ చీర నిండు సభలోకి వస్తుంది. కైక స్వయంగా తెచ్చి ఇస్తుంది. రాముడు కట్టేసుకుంటాడు, లక్ష్మణుడూ కట్టేసుకుంటాడు. సీతకు మాత్రం ఎలా కట్టాలో తెలియదు. పుట్టి బుద్ధెరిగి పట్టు తప్ప కట్టని మనిషి. ఒక ముక్క మెడ మీద వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, వనవాసులు దీన్ని ఎలా కట్టుకుంటారని భర్తను అడుగుతూ సిగ్గుతో నిలబడుతుంది. రాముడు వచ్చి ఆమె పట్టుబట్ట మీదుగానే ఆ నారను కట్టబోతాడు. అంతఃపుర స్త్రీలు ఘొల్లుమంటారు. వసిష్ఠుడు కైకను దులిపేస్తాడు. రామాయణంలో చీర కట్టడం రాక ఒక స్త్రీ ఇబ్బంది పడిన చోటు ఇదొక్కటే కావచ్చు. అక్కడి చీర మన చీర కాదు, చెట్టు తొక్క. మనం ఇప్పటికీ 'నారచీరలు' అంటున్నామంటే ఆ పాత అర్థాన్ని ఆ ఒక్క జంటమాటలో భద్రంగా దాచుకున్నామన్నమాట. విడిగా చీర అంటే ఎవరికీ నార గుర్తురాదు.

చీలిక అన్న అర్థం మిగతా భాషల్లో దాక్కోలేదు. హిందీలో 'చీర్‌నా' అంటే చింపడం, చీల్చడం. ఆపరేషన్ బల్ల దగ్గర డాక్టరు కత్తితో పెట్టే గాటు 'చీరా'. మరాఠీలో 'చీర్' అంటే బీట, పగులు. కొంకణ తీరంలో ఇళ్లు కట్టడానికి నేలలోంచి కోసి తీసే ఎర్రరాతి దిమ్మ 'చిరా'. మన ఇంట్లోనూ ఉంది. ముల్లు గీరుకుంటుంది, మేకు తగిలితే చర్మం చీరుకుపోతుంది. పాత తెలుగులో ఇవి బండి-ఱ తో రాసే గీఱు, చీఱు. తమిళంలో దీనికి జోడీ 'కీఱు'. మద్రాసు మెరీనాలో ఉప్పూకారం అద్ది అమ్మే మామిడికాయ చీలికను 'కీట్రు' అనడం ఆ ధాతువు నుంచే. కన్నడ క-కారం ఇ, ఎ ల ముందు తెలుగులో చ-కారమవుతుందని భాషాశాస్త్రం చదివినవాళ్లకు తెలిసిందే. కన్నడిగుల కివి మన చెవి, వాళ్ల కెరె మన చెరువు, వాళ్ల కై మన చెయ్యి. ఆ లెక్కన వాళ్ల కీఱు మన చీఱు.

మరి సంస్కృత చీరం మనకు వచ్చిందా, మన చీఱు నుంచి పుట్టిందే సంస్కృతంలోకి వెళ్లిందా? పండితులు రెండువైపులా ఉన్నారు. చీర అచ్చతెలుగని గర్వపడేవాళ్లూ, కాదు గీర్వాణమని మీసం తిప్పేవాళ్లూ ఈ ప్రశ్న మీద కుస్తీ పట్టవచ్చు. నాకైతే ఆ పోటీ కంటే, రెండువైపులా అడుగున ఉన్నది చింపడమే కావడం ఆసక్తిగా అనిపిస్తుంది. ఎందుకంటే ఇవాళ మనం చీర అనేది కోయని, కుట్టని, చింపని ఐదున్నర మీటర్ల నిండు గుడ్డను. కత్తెర పడితే అది చీర కాకుండా పోతుంది.

బౌద్ధంలో ఈ మాట కథ ఇంకా బాగుంటుంది. బాహియుడనే వర్తకుడి ఓడ సముద్రంలో మునిగింది. ఒంటి మీద నూలుపోగు లేకుండా సుప్పారక రేవుకు, అంటే ఇవాళ ముంబయి పక్కన ఉన్న సోపారాకు, కొట్టుకొచ్చాడు. కట్టెలకు బెరడు తొడిగి ఒంటికి చుట్టుకున్నాడు. చూసినవాళ్లు మహాత్ముడనుకున్నారు. భిక్ష పెట్టారు, బట్టలు తెచ్చి ఇచ్చారు. బట్ట కడితే మర్యాద పోతుందని వద్దన్నాడు. అలా పాలి గ్రంథాల్లో 'దారుచీరియ' బాహియుడయ్యాడు. దారుచీరి అంటే కట్టెచీర వాడు. తాను నిజంగా ముక్తి పొందిన అర్హతుణ్ణేమోనని తనే నమ్మడం మొదలుపెట్టాక, కాదని తెలిసి, పరుగుపరుగున శ్రావస్తి వెళ్లి, వీధిలో భిక్షకు వెళుతున్న బుద్ధుణ్ణి ఆపి ధర్మం చెప్పమన్నాడు. ఇది సమయం కాదని బుద్ధుడు రెండుసార్లు అన్నాడు. మూడోసారి చెప్పాడు. చూసిందాన్ని చూసినంత వరకే, విన్నదాన్ని విన్నంత వరకే ఉంచుకోమన్న చిన్న బోధ. అప్పటికప్పుడే బాహియుడికి విముక్తి కలిగింది. సన్యాసం పుచ్చుకోవడానికి పాత్ర, చీవరం వెతుక్కుంటూ వెళ్లాడని, దారిలో దూడ ఉన్న ఆవు పొడిచి చనిపోయాడని కథ. చీరతో వచ్చినవాడికి చీవరం దొరకలేదు.

ఆ చీవరం చీరకు దగ్గర చుట్టం. బౌద్ధ భిక్షువు కట్టే కాషాయ వస్త్రం. మొదట్లో చెత్తకుప్పల మీద, శ్మశానాల్లో పారేసిన పేలికలు ఏరి కుట్టుకునేవారు. తర్వాత కొత్తబట్ట దొరికినా, దాన్ని ముక్కలుగా కోసి మళ్లీ అతికి కుట్టాలన్న నియమం మాత్రం ఉండిపోయింది. పొలం గట్ల లాంటి ఆ అతుకులు ఇవాళ్టికీ భిక్షువుల వస్త్రాల మీద కనిపిస్తాయి. సింహళంలో అది 'సివుర'. థాయిలాండులో 'చీవోన్'. చీరాలకు ఈ ప్రయాణం పరాయిది కాదు. ఇప్పుడు ఇదే బాపట్ల జిల్లాలో ఉన్న భట్టిప్రోలు మహాస్తూపం దగ్గర ఆ చీవరాలు తిరిగాయి. అక్కడి ధాతుకరండాల మీద బ్రాహ్మి చెక్కిన రోజుల్లో ఈ తీరంలో 'చీర' అన్న మాట చెవిన పడితే జనానికి ఏది గుర్తొచ్చేదో, మగ్గమా, భిక్షువా!

పంజాబులో చీరా తలకెక్కింది. అక్కడ అది రంగుల తలపాగా. పెళ్లిపాటల్లో పడుచులు ఆటపట్టించే సోకులరాయుడు 'చీరేవాలా', అంటే తలపాగా కట్టినవాడు. మన కోస్తా పెళ్లికొడుకుని ఎవరైనా చీరవాడా అని పిలిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బృందావనంలో యమున ఒడ్డున చీర్‌ఘాట్ ఉంది. కృష్ణుడు గోపికల బట్టలెత్తుకెళ్లి చెట్టెక్కిన చోటని చూపిస్తారు. అదే కథను నేపాలీలు కర్రకు కట్టారు. ఫాల్గుణ శుద్ధ అష్టమినాడు ఖాట్మండు బసంతపురలో రంగురంగుల గుడ్డపేలికలు వేలాడే పొడుగాటి కర్ర పాతుతారు. దాని పేరు 'చీర్'. అది లేచాకే హోలీ మొదలు. పున్నమినాడు దింపేస్తారు. కుమావూ కొండల్లోనూ హోలీకి ముందు 'చీర్' కడతారు. మహాభారత సభలో దుశ్శాసనుడు చేసింది హిందీవాళ్లకు 'చీర్‌హరణ్'. అది విన్న తెలుగువాడు చీరే కదా అనుకుంటాడు. ఉత్తరాదివాడికి అక్కడ చీర్ అంటే బట్ట, అంతే. ఇంట్లో ఆవిడ కట్టుకునేదాన్ని అతను చీర్ అనడు, సాడీ అంటాడు.

నిజానికి మనకూ ఒకప్పుడు చీరంటే బట్టే. పాత నిఘంటువులు తిరగేస్తే చీరకు వస్త్రమన్న అర్థం ఉంటుంది. ఆడవాళ్ల వస్త్రమన్న షరతు తర్వాత బిగుసుకుంది. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో అలాంటి పాత నిఘంటువులు బల్ల మీద పరుచుకుని కూర్చుంటే పూట తెలియకుండా గడిచిపోతుంది. కోక, వలువ, పుట్టము, చేలము, చీర, ఇలా బట్టకు ఎన్ని మాటలో. వీటిలో వలువ, పుట్టము పద్యాలకు పరిమితమైపోయాయి. కోక పల్లెల్లో, జానపదాల్లో నిలిచింది. చీర మాత్రం మగవాళ్లను వదిలించుకుని, ఇల్లంతా తనదే చేసుకుని, సారెతో జతకట్టి కూర్చుంది. కన్నడంలోనూ ఇదే జరిగింది. అక్కడ 'సీరె'. ఇళకల్ సీరె పేరు వినని కన్నడిగుడు ఉండడు. మన పల్లెల్లో సీర అన్నవాణ్ణి పలకడం రాదని నవ్వేవాళ్లు కాస్త ఆగాలి, వాడు కన్నడానికి దగ్గరగా మాట్లాడుతున్నాడు. తమిళుల దారి వేరు. వాళ్ల 'సీరై' నార దగ్గరే ఆగిపోయింది. కంబడు తన రామాయణంలో వనవాసపు కట్టుకు వాడిన మాట అది. ఇంట్లో కట్టేదాన్ని వాళ్లు సేలై అన్నారు, పుడవై అన్నారు.

ఇంతవరకూ చెప్పినవి చుట్టాల సంగతులు. ముఖం పోలిక తప్ప రక్తసంబంధం లేనివీ ఉన్నాయి. కేరళ హోటల్లో భోజనానికి కూర్చున్న తెలుగువాడికి మెనూలో 'చీర తోరన్' కనిపిస్తుంది. చీరల తోరణం వడ్డిస్తారేమో అనిపించే పేరు. వచ్చేది కొబ్బరి వేసిన తోటకూర వేపుడు. మలయాళ చీర, తమిళ కీరై ఒకటే, ఆకుకూర. పారశీకంలో 'చీరె' అంటే పైచేయి సాధించిన అని అర్థం. మన పాత తెలుగులోనే 'చీరు' అంటే పిలవడం. భారతంలో ఎవరైనా ఎవరినైనా చీరితే కంగారుపడాల్సిన పనిలేదు, పిలిచారంతే. దక్షిణ అమెరికాలో పెరూ ఉత్తరాన చిరా అని ఒక నది ఉంది. దాని లోయ పొడుగు పింజ పీమా పత్తికి పేరుపడింది. చీరాల చుట్టూ పత్తి నేల, చిరా చుట్టూ పత్తి నేల. ఇంత అందంగా కుదిరిన పోలికను చూసి సంబంధం కలపాలని చెయ్యి దురద పెడుతుంది. కలపకూడదు. సముద్రానికి ఆవలి ఒడ్డున ఆ మాట పుట్టింది వేరే నోళ్లలో.

ఈ జాగ్రత్త ఊరి పేరు దగ్గర మరీ అవసరం. చీరలు నేసే ఊరు గనుక చీరాల అన్నది అందరూ చెప్పేదే. ఇక్కడి సముద్రం పాలలా తెల్లగా ఉంటుందని క్షీరపురి అనేవారని, అదే చీరాల అయిందని ఇంకో మాట. రెండోదాని మీద నాకు గురి లేదు. తెలుగు ఊళ్లకు సంస్కృతం పేర్లు పెట్టి పెద్దరికం తేవడం మనకు పాత అలవాటు, క్షీరపురి ఆ బాపతుదనిపిస్తుంది. మొదటిది వినడానికి బాగుంటుంది గాని, ఊళ్లో రోడ్డు దాటగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. పక్కనున్నది పేరాల. చీరాల చీరల నుంచి వస్తే పేరాల దేని నుంచి? ఈ రెండూళ్లను విడదీసి చూడలేం. 1919లో రెంటినీ కలిపి ప్రభుత్వం పురపాలక సంఘం చేసింది. పన్నుల బరువు మోయలేమని జనం తిరగబడ్డారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందు నిలిచారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి వెళ్లాక, ఊళ్లు ఖాళీచేసి బయట పాకలు వేసుకుని రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి ఉన్నారు. చరిత్రలో చీరాల-పేరాల అన్నది ఒకే మాటగా ముద్రపడింది.

ఆ జంటను చూస్తే నాకు ఒక ఊహ తడుతుంది. ఊహే సుమా, శాసనాధారం చూపి చెబుతున్నది కాదు. పాత తమిళంలో చిన్న ఊరు శీఱూర్, పెద్ద ఊరు పేరూర్. శిఱు, పెరు అన్న మాటలు అచ్చు ముందు సాగి శీఱ్, పేర్ అవుతాయి. మన పేరోలగం, పేరురం ఆ సాగదీతకు తెలుగు సాక్ష్యాలు. చీర్-ఆల, పేర్-ఆల కూడా అలాంటి జోడీ అయితే? చిన్న ఆల, పెద్ద ఆల. కన్నడంలో ఆల అంటే మర్రి. అదే గనక నిజమైతే ఊరి పేరుకూ చీరకూ సంబంధమే లేదు, ఊరికి పేరు పడ్డాకే మగ్గాలు వచ్చి ఆ పేరుకు తగ్గట్టు నేశాయి. ఈ మాట చీరాల బజారులో గట్టిగా అంటే బేరం కుదరదు.

చీరాల పేరును నిజంగా సముద్రాలు దాటించింది మాత్రం చీర కాదు, రుమాలు. పారశీకంలో 'రూ' ముఖం, 'మాల్' తుడిచేది. మన దగ్గరికొచ్చాక ఈ ముఖం తుడిచేది తలకెక్కింది. తెలంగాణలో, కన్నడ దేశంలో పెద్దమనిషి రుమాలు కట్టాడంటే తలపాగా కట్టాడని. సరిగ్గా ఎదురు దిక్కున నడిచిన మాట కర్చీఫ్. ఫ్రెంచివాళ్ల 'కువ్ర్-షెఫ్', తల కప్పేది, ఇంగ్లీషులో కర్చీఫ్ అయి జేబులోకి దిగి ముక్కు తుడుస్తోంది. తల మీదిది జేబులోకి, ముఖానిది తల మీదికి.

ఈ తీరం నుంచి గుడ్డ వెళ్లడం కొత్త కాదు. చీరాలకు దగ్గరలోని మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు మార్కో పోలో ఈ దేశాన్ని ముత్ఫిలి అని రాసి, ఇక్కడి సన్నబట్ట సాలెగూడులా ఉంటుందన్నాడు. చీరాల పేరును సముద్రాలు దాటించిన ఆ రుమాలు, తేలియా రుమాలు, మాత్రం సన్నబట్ట కాదు. ఆముదపు కాయల బూడిద నీళ్లలో నూనె కలిపి నూలును నానబెడతారు, పిసుకుతారు, ఎండబెడతారు, మళ్లీ నానబెడతారు. రోజులు పడుతుంది. బూడిద క్షారం, నూనె కలిసి పోగును పట్టుకుంటాయి గనుకే అలిజరిన్ ఎరుపు ఎన్ని ఉతుకులకూ దిగదు. తర్వాత పోగులను లెక్కపెట్టి, కట్లుకట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ముంచుతారు. దీన్ని చిటికీ అంటారు. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప నాలుగో రంగు లేని నలుచదరపు గుడ్డ. నూనె వాసన పోదు, అందుకే తేలియా. అరబ్బు దేశాలకు, ఏడెన్‌కు, తూర్పు ఆఫ్రికాకు తలగుడ్డగా వెళ్లింది. ఆసియా రుమాలన్న పేరూ ఉంది. కొందరు నేతగాళ్లు మధ్యలో గడియారాలు, విమానాలు కూడా దించారు.

చీరాల ప్రాంతపు గళ్ల గుడ్డ ఇంకోటి 'మద్రాసు హ్యాండ్‌కర్చీఫ్' అన్న పేరుతో పడమటి ఆఫ్రికాకు వెళ్లింది. నైజర్ నది డెల్టాలోని కలబారి జనం దాన్ని 'ఇంజిరి' అన్నారు. అంతటితో ఊరుకోలేదు. కలబారి స్త్రీలు ఆ గుడ్డను ఒళ్లో పరుచుకుని, బ్లేడుతో ఎంచుకున్న పోగులను ఒక్కొక్కటే కోసి లాగేస్తారు. లేత రంగు పోగులు పోయి కొత్త నమూనా తేలుతుంది, గుడ్డ వలలా గాలాడుతుంది. దాని పేరు 'పెలెటె బిటె', కోసిన గుడ్డ. పుట్టుకకు, పెళ్లికి, చావుకు వాళ్లకు అది ఉండాల్సిందే. ఒక్క పోగు తెగితే మాస్టర్ వీవర్ కూలి కోస్తాడని భయపడుతూ నేసిన గుడ్డలో వందల పోగులను వాళ్లు కోసి పారేస్తే దాని విలువ పెరిగింది. ఈపూరుపాలెంలో మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి ఈ సంగతి చెబితే నమ్మడం కష్టం.

విదేశీ గిరాకీ సన్నగిల్లాక రుమాలు చీరగా మారింది. కమలాదేవి చటోపాధ్యాయ లాంటి హస్తకళల పెద్దలు ప్రోత్సహించారు. గజం పైచిలుకు చదరంలో ఇమిడే నమూనాను ఐదున్నర మీటర్ల పొడవునా పరిచారు. విద్య చీరాల నుంచి నల్గొండ వైపు పుట్టపాకకు చేరి అక్కడ బాగా పండింది. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పుట్టపాక తేలియా రుమాలుకే దక్కింది. చీరాలలో ఇప్పుడు కుప్పడానికి ఉన్న గిరాకీ దానికి లేదు. మునులు కట్టిన నారలోంచి వచ్చిన మాటలోకి అరబ్బుల తలగుడ్డ వచ్చి చేరిందన్నమాట. షోరూముల్లో దానికి తగిలించే చీటీ మీద 'తేలియా రుమాల్ శారీ' అని ఉంటుంది. తేల్ హిందీది, రుమాల్ పారశీకం, శారీ ఇంగ్లీషు మీదుగా తిరిగొచ్చిన శాటి. కొన్నావిడ మాత్రం ఇంటికెళ్లి పక్కింటావిడకు రుమాలు చీర కొన్నానని చెబుతుంది.